పొయ్యి వెలగని ఇంటికి ముందు ఎవరు వెళ్తారు?

యాంకర్: అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. మన కృష్ణా, గుంటూరు, పల్నాడు జిల్లాల్లో ఎన్నికలు అయ్యాక ఓట్ల లెక్కతో పాటు ఇంకో లెక్క కూడా వినాల్సి వస్తుంది. ఎవరి తల పగిలింది, ఎవరి ఇల్లు తగలబడింది, ఎవరు ఊరొదిలి వెళ్లిపోయారు అని. ఇవాళ దాని గురించే. పల్నాడులో పుట్టి, గుంటూరులో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన పెద్దాయన మనతో ఉన్నారు. ఇప్పటికీ రెండు వర్గాల ఇళ్లకీ వెళ్లి వస్తుంటారు కాబట్టి పేరు చెప్పొద్దన్నారు. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారం అమ్మా.

యాంకర్: సూటిగానే అడుగుతాను. పార్టీ గొడవలో ఒక మనిషి చనిపోయాడు. ఆ ఊళ్లో ఏ జెండా పట్టుకోని మామూలు మనిషి ఏం చెయ్యాలండీ?

మాస్టారు: అన్నం తీసుకెళ్లాలి.

యాంకర్: అంతేనా?

మాస్టారు: ముందు అదమ్మా. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. పక్కింటివాళ్లో చుట్టాలో వండి పట్టుకెళ్తారు. ముస్లింల ఇళ్లల్లోనూ అంతే, మయ్యిత్ అయిన ఇంటికి చుట్టుపక్కల వాళ్లే భోజనం పంపుతారు. క్రైస్తవులైతే ఆదరణ కూడిక పెడతారు, సంఘమంతా వెళ్లి ఆ ఇంట్లో కూర్చుంటుంది. మన మతాలన్నీ ఎప్పుడో నేర్పిన పని ఇది. మామూలు చావైతే ఎవరూ చెప్పక్కర్లేదు, అందరం చేస్తాం. మరి చంపితే పోయిన మనిషి ఇంటికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతాం? వెళ్తే ఆ పార్టీ వాడివంటారని భయం.

యాంకర్: అవునండీ. పైగా ఆ ఇంటి ముందు ఎవరు నిలబడ్డారో ఫోన్లలో వీడియో తీసేవాళ్లు ఉంటారు.

మాస్టారు: ఉంటారు. అందుకే ఒక్కరే వెళ్లకండి అంటాను. గుడి పూజారిగారు, పాస్టరుగారు, మసీదు ఇమాంగారు, ఇద్దరు ముగ్గురు పెద్ద ముత్తయిదువలు, బడి పంతులు, వీళ్లంతా కలిసి వెళ్తే ఏ పార్టీ లెక్కలో వేస్తారు? మెడలో కండువా ఉండకూడదు. ఉపన్యాసం అసలే వద్దు. ఒకసారి నేనిట్టాగే వెళ్లాను. అవతలి వర్గం వాడలోంచి ఒక పెద్దామె స్టీలు క్యారేజీ పట్టుకుని మాతో వచ్చింది. కింద గిన్నెలో పప్పు, పైన అన్నం, చేతిలో వేరే చెంబుతో మజ్జిగ. పోయినతని తల్లి ఆ క్యారేజీ వంక చూసింది, ముట్టలేదు. ఈమె ఏమీ అనలేదు. ఆ గుమ్మం దగ్గరే కూలబడి, ఆ ఇంటి మూడేళ్ల పిల్లాణ్ణి ఒళ్లోకి తీసుకుని, పప్పన్నం మెత్తగా కలిపి ముద్దలు పెట్టింది. వాడు తిన్నాడు. పిల్లాడు తింటుంటే ఆ తల్లికి ఏడుపు ఆగలేదు. అప్పటిదాకా ఆ ఇంట్లో ‘వాణ్ణి వదలం’ అన్న మాటలే గానీ ఏడుపు లేదమ్మా.

యాంకర్: ఆవిణ్ణి వాళ్ల వర్గంవాళ్లు ఏమీ అనలేదా?

మాస్టారు: అన్నారు. కొన్నాళ్లు మాట్లాడలేదు కూడా. ఆమెకది తెలుసు, తెలిసే వచ్చింది. నమ్మకం అంటే నాకు ఆమే గుర్తొస్తుంది. దేవుడు చూస్తున్నాడనుకుంటే జనం చూస్తున్నారన్న భయం కాస్త తగ్గుతుంది. దేవుణ్ణి నమ్మని వాళ్లలోనూ ఇలాంటి ధైర్యం ఉన్నవాళ్లను ఎరుగుదును. మీ విజయవాడ పటమటలోనే గోరాగారి నాస్తిక కేంద్రం ఉంది కదా. ఎలాగైనా ఆ గుమ్మం దాటాలి, అంతే.

యాంకర్: విజయవాడ అన్నారు కాబట్టి అడుగుతాను. 1988 డిసెంబర్ గురించి మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు.

మాస్టారు: ఎందుకు తగ్గించరు? డిసెంబర్ 26 తెల్లవారుజామున వంగవీటి మోహనరంగాగారిని చంపారు. ఆయన అప్పుడు ఎమ్మెల్యే, నిరాహార దీక్షలో ఉన్నారు. దీక్షలో కూర్చున్న మనిషిని చంపడమంత ఘోరం ఇంకేముంటుంది? అభిమానించేవాళ్ల కడుపు మండింది, నిజమే. కానీ ఆ మంట ఎవరిమీద పడింది? ఆ హత్యతో సంబంధంలేని ఒక కులంవాళ్ల ఇళ్లమీద, షాపులమీద. ఊరు తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు, పదుల మంది పోయారు. తెల్లారి షట్టరు తీసుకుని వ్యాపారం చేసుకునేవాడు ఎవర్ని చంపాడమ్మా? పగ ఎప్పుడూ దగ్గర్లో దొరికినవాడిమీదే తీరుతుంది. ఆ నాలుగు రోజుల వల్ల రెండు కులాల మధ్య వచ్చిన దూరం తర్వాత పుట్టినవాళ్లక్కూడా అంటింది.

యాంకర్: 2024 మే 13 పోలింగ్ రోజు, ఆ తర్వాత పల్నాడులో జరిగినవి చూస్తే మళ్లీ అదే భయం వేసింది. 144 సెక్షన్ పెట్టారు, సిట్ అని ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేశారు.

మాస్టారు: ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టర్‌ని బదిలీ చేసింది. ‘పల్నాడు అంతేలే, యుద్ధం చేసిన గడ్డ’ అని టీవీలో ఎవరో అంటుంటే నాకు చాలా కష్టంగా అనిపించింది. మా గడ్డ గురించి సగమే చెప్తారు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరారాధన ఉత్సవాలు చేస్తారు కదా. రోజుకో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. చూశావా ఎప్పుడైనా?

యాంకర్: కోడిపోరు గురించి విన్నానండీ, మిగతావి చూడలేదు.

మాస్టారు: అదే. అందరికీ కోడిపుంజులే గుర్తుంటాయి. మూడోరోజు మందపోరు. ఆ రోజు చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని చెప్పుకుంటాం. చాపలు పరిచి అన్ని కులాలవాళ్లూ ఒకే వరసలో కూర్చుని తినడం. ఇప్పుడు వినడానికి చిన్న విషయంగా ఉంటుంది. పన్నెండో శతాబ్దంలో ఒక మంత్రి ఆ పని చేస్తే ఎంతమందికి గిట్టి ఉంటుందో ఆలోచించు. ఆయన సేనల్ని నడిపిన కన్నమదాసు మాలవాడు. యుద్ధం కథ చెప్పే ప్రతివాడూ ఈ చాప గురించి కూడా చెప్పాలి. నేను ఇందాక అన్నం తీసుకెళ్లాలి అన్నానే, అక్కడ కులం అడ్డొస్తుంది. ఎవరింటి వంట ఎవరు తింటారని. మా ఊళ్లల్లో దానికి జవాబు వీరుల గుడి ముందే ఉంది, ఏడాదికొకసారి పరుస్తున్నారు. చావు వచ్చినప్పుడు కూడా పరవమంటున్నాను.

యాంకర్: మాస్టారూ, వినేవాళ్లలో ఒకళ్లు తప్పకుండా అనుకుంటారు. చంపినవాడు జీపులో తిరుగుతుంటే మేం పప్పన్నం తిని ఊరుకోవాలా అని.

మాస్టారు: ఊరుకోమని ఎవరన్నారు? కొడుకు పోయిన తల్లితో క్షమించమ్మా అనడానికి మనమెవరం? ఆ మాట ఎప్పుడైనా ఆమె నోట రావాలి, రాకపోతే లేదు. పాస్టరుగారైనా, పంతులుగారైనా మొదటివారంలో ఆ మాట ఎత్తితే నేను వద్దంటాను. చుండూరు సంగతే చెప్తా. అది పార్టీ గొడవ కాదు, దళితులమీద కులదాడి. 1991 ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లాలో. ఎనిమిది మందిని చంపారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు తెనాలి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. కరుణ అంటే అదీ, గేటు తియ్యడం. కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. పోయినవాళ్లను ఊరి మధ్యలోనే పూడ్చారు. విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టు తెచ్చుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు కొట్టేసింది.

యాంకర్: ఎంత బాధగా ఉంటుందో.

మాస్టారు: చాలా. అన్నేళ్లు సాక్షులుగా నిలబడి ఆ తీర్పు విన్నవాళ్ల ముందు శాంతి గురించి మాట్లాడాలంటే నోరు రాదు. అయినా వాళ్లు న్యాయం కోసం కోర్టుమెట్లే ఎక్కారు. మనం వాళ్లకి చెయ్యగలిగింది ఏంటంటే, సాక్ష్యం చెప్పేవాడి పక్కన నిలబడటం. ఊరంతా కలిసి ఉండటం అంటే రచ్చబండ దగ్గర ఫోటో దిగడం కాదమ్మా. నా పార్టీవాడు చంపినా సరే, చూసింది చూసినట్టు చెప్తాను అనడం. అది కరుణకంటే కష్టం.

యాంకర్: మా వయసువాళ్లకి ఒక మాట చెప్పండి. మేం చేసేదంతా ఫోన్లోనే కదా. ఎవరైనా పోతే పది నిమిషాల్లో స్టేటస్‌లు వచ్చేస్తాయి, ‘రక్తానికి రక్తం’ అని.

మాస్టారు: గుంటూరు పెద్దాసుపత్రి మార్చురీ దగ్గర నిలబడితే తెలుస్తుంది. పోస్ట్‌మార్టం అయ్యేదాకా రెండు వర్గాలవాళ్లూ బయటే ఎదురుచూడాలి. ఒక్కోసారి రెండు వైపులా పోతారు, శవాలు ఒకే గదిలో ఉంటాయి. కాగితాలమీద సంతకాలు పెట్టించుకోవడానికి ఒకే కిటికీ దగ్గర క్యూ. అక్కడున్న ఆడవాళ్లెవరూ రక్తానికి రక్తం అనగా నేను వినలేదు. ‘బాడీ ఎప్పుడిస్తారు, బండి దొరికిందా, పెద్దాడికి ఫోన్ చేశారా’ ఇవే. స్టేటస్ పెట్టేవాడు ఎక్కడో హైదరాబాదులో, లేకపోతే దేశం బయట ఉంటాడు. పగ వాడిది, కేసు మాత్రం ఊళ్లో కుర్రాడిమీద. ఆ వీడియో మీ ఫోనుకొస్తే పంపకండి. వీలైతే పంపినవాడికి ఫోన్ చేసి, మెసేజ్ పెట్టకుండా, నోటితో చెప్పండి, ‘ఒరేయ్, అది తీసెయ్యి’ అని.

యాంకర్: గ్రూపులో కాకుండా విడిగా.

మాస్టారు: విడిగానే. నలుగురిలో అంటే పంతం పెరుగుతుంది.

యాంకర్: పెద్దకర్మ దాకా ఆ ఇంటికి జనం వస్తారు మాస్టారూ. ఆ తర్వాత?

మాస్టారు: మంచి మాట అడిగావు. నాయకులు పదో రోజుదాకా వస్తారు, చెక్కు ఇస్తారు, ఫ్లెక్సీ కడతారు. పదకొండో రోజునుంచి ఆ ఇంట్లో పిల్లల ఫీజు ఎవరు కడతారు, మిర్చి కోత ఎవరు కోయిస్తారు? మావాళ్లకి చెప్తుంటా, కోతకి కూలీల్ని మాట్లాడేటప్పుడు ఆ ఇంటి చేను కూడా కలిపి మాట్లాడండని. కొందరు వింటారు. ఊరొదిలి వెళ్లినవాళ్ల చేలు బీడు పడకుండా చూడటం కూడా పుణ్యమే. వాళ్లు ఏ పార్టీ అయినా.

యాంకర్: ఈ మధ్య ఎక్కడికైనా వెళ్తున్నారా?

మాస్టారు: వచ్చే వారం మాచర్ల వైపు ఒక ఊరు. వెళ్లిపోయిన రెండు కుటుంబాలు తిరిగొస్తామంటున్నాయి. వాళ్లు బస్సు దిగేటప్పుడు అవతలివాళ్లలోంచి కనీసం ఇద్దరు పెద్దమనుషులు అక్కడ ఉండేలా మాట్లాడుతున్నాం. ఒకాయన ఒప్పుకున్నాడు. ఇంకొకాయన ఇంటికి రేపు మళ్లీ వెళ్లాలి.