చారల ముందు బండి ఎందుకు ఆగదు?

శ్రోతలకు నమస్కారం.

జీబ్రా క్రాసింగ్ దగ్గర బండి ఆగకపోతే డ్రైవర్‌కి పొగరని తిట్టుకుంటాం. కొందరికి ఉంటుంది, కాదనను. కానీ ఆగుతాడా లేదా అన్నది చాలాసార్లు చారల దగ్గర కాదు, 30 మీటర్ల ముందే తేలిపోతుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. మనిషి కంటబడి, కాలు బ్రేక్ మీదికి వెళ్లేసరికే ఒక సెకను అయిపోతుంది. తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినా మరో 14 మీటర్లు పోయాకే బండి నిలుస్తుంది. మొత్తం 28. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. అదే 30 కిలోమీటర్ల వేగంలో 13 మీటర్లు చాలు. అంటే నెమ్మదిగా వచ్చిన బండి పూర్తిగా ఆగే చోటికి, వేగంగా వచ్చినదానికి ఇంకా బ్రేకే పడదు! పైగా వెనకవాడు గుద్దుతాడన్న భయం. ఇక హారన్ కొట్టి దూసుకుపోవడమే తేలికనిపిస్తుంది.

రెండో చిక్కు చూపుది. క్రాసింగ్‌కి ఆనించి వ్యాన్ పెడితే దాని చాటునుంచి వచ్చే పిల్లవాడు ఆఖరి క్షణందాకా కనపడడు. మలుపు తిరిగే డ్రైవర్ ఎదురొచ్చే బండ్ల మధ్య సందు వెతుకుతుంటాడు. నడిచేవాళ్లవైపు తల తిప్పడు.

అన్నిటికంటే ప్రమాదం, ఒకే వైపు రెండు లేన్లున్న రోడ్డు. మొదటి లేన్‌లో కారు మర్యాదగా ఆగుతుంది, అదీ చారలకు ఆనుకుని. మీరు దాని ముందునుంచి నడుస్తారు. పక్క లేన్‌లో వచ్చేవాడికి ఆగిన కారు కనపడుతుంది, మీరు కనపడరు. అందుకే ఆగే గీతను చారలకు 6 నుంచి 15 మీటర్ల వెనక గీస్తే మంచిది. క్రాసింగ్‌నే 7 నుంచి 10 సెంటీమీటర్లు ఎత్తు చేసి కడితే వేగం దానంతటదే తగ్గుతుంది. ఉత్త రంగు చారలతో అంత పని జరగదు.

మరి దాటేవాళ్లు? ఫోన్ చూస్తూ నిలబడితే మీరు దాటుతారో లేదో డ్రైవర్‌కి తెలియదు. ఫుట్‌పాత్ అంచుకి వచ్చి, బండ్లవైపు తిరిగి, చెయ్యి చాపండి. అద్దం మెరుపులో అతని ముఖం కనపడకపోవచ్చు. ముందు చక్రం చూడండి, నెమ్మదిస్తోందో లేదో తెలిసిపోతుంది. ఆగిన కారు దాటేముందు దాని ముందు అవతలి అంచున ఒక్క క్షణం నిలబడి, తల మాత్రం బయటికి పెట్టి, పక్క లేన్ చూసుకున్నాకే అడుగు వెయ్యండి.

నమస్కారం.