చెరువుకు గండి పడితే: పెద్ద దెబ్బ తగిలాక ఒంట్లో జరిగేది

తొడ ఎముక విరిగిన మనిషికి పప్పు పెట్టొద్దు, చీము పడుతుంది. గుడ్డు వద్దు, వేడి చేస్తుంది. పాలూ బ్రెడ్డూ చాలు! మా బాబాయికి యాక్సిడెంటయినప్పుడు ఇదే పథ్యం, మూడు వారాలకి చేతి వాచీ మోచేతి దాకా జారిపోయేది. మంచాన పడితే చిక్కిపోడా అన్నారందరూ. మంచం ఒక్కటే కాదండీ కారణం.

చెరువు కట్టకి రాత్రిపూట గండి పడిందనుకోండి. ముందు దండోరా వేస్తారు, ఒంట్లో ఆ దండోరా అడ్రినలిన్ అనే హార్మోన్. గుండె దడదడ కొట్టుకుంటుంది, చర్మానికి వెళ్లే రక్తనాళాలు బిగుసుకుని కాళ్లూ చేతులూ చల్లబడతాయి. వెంటనే తూములు మూసేస్తారు, ఉన్న నీళ్లయినా నిలవాలి కదా. ఆ పని ఏడీహెచ్, ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్లది, కిడ్నీల చేత నీళ్లూ ఉప్పూ పట్టి ఉంచుతాయి. మొదటిరోజు మూత్రం తగ్గడానికి ఇదొక కారణం. నర్సమ్మ గంటగంటకీ బాబాయి మూత్రం సంచీ వంక చూసేది, అది మరీ తగ్గిపోతోందేమోనని.

ఒకటి రెండు రోజులయ్యాక అసలు కథ. గండి పూడ్చడానికి ఇసుక బస్తాలు చాలకపోతే ఇళ్లలోంచి వడ్ల బస్తాలే మోసుకొచ్చి పడేస్తారు. మన ఒంట్లో ఆ వడ్ల బస్తాలు కండలు, మోయించే పెద్దమనిషి కార్టిసాల్ అనే హార్మోన్. కండలోని ప్రోటీన్ విడిపోయి లివర్‌కి చేరితే, అది కొంత గ్లూకోజ్‌గా, కొంత సీఆర్‌పీ లాంటి, దెబ్బ తగిలినప్పుడు ఒంటికి కావలసిన ప్రోటీన్లుగా మారుస్తుంది. 1930ల్లో గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త ఎముకలు విరిగినవాళ్ల మూత్రంలో నైట్రోజన్ బాగా ఎక్కువగా పోతోందని చూపించాడు, ప్రోటీన్ విడిపోతే బయటికి పోయేది నైట్రోజనే కాబట్టి అది చాలావరకు కరిగిన కండ లెక్కే. కాలు విరిగితే భుజం కండ కూడా కరగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇక షుగర్. ‘సెలైన్ ఎక్కించి షుగర్ తెప్పించారు’ అనేస్తారు, ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ అనే ఇంకో హార్మోన్ కలిసి గ్లూకోజ్ పెంచుతాయి, పైగా కండలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. ఊళ్లో ఎవరింటికీ వడ్లు వెళ్లనివ్వకుండా గండి దగ్గరికే మళ్లించినట్టన్నమాట, ఎందుకంటే మెదడుకీ, గాయం దగ్గర పనిచేసే తెల్లకణాలకీ ఇన్సులిన్ లేకుండానే గ్లూకోజ్ అందుతుంది. అలాగని వదిలేయకూడదు, ఐసీయూలో సాధారణంగా 180 దాటితే ఇన్సులిన్ మొదలుపెడతారు. ముందునుంచే షుగర్ ఉందో లేదో హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష చెబుతుంది, కాకపోతే రక్తం ఎక్కించి ఉంటే ఆ లెక్క తప్పొచ్చు.

మరి బస్తాలు ఖాళీ అవుతుంటే మనం పాలూ బ్రెడ్డూనా? ఐసీయూ స్థాయి జబ్బులో కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ ఇవ్వాలంటారు. 60 కిలోల మనిషికి కనీసం 72 గ్రాములు, ఒక గుడ్డులో ఉండేది ఆరు! పప్పు వల్ల చీము పట్టదు, సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్ని అడిగే పెట్టండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ తగ్గుతుంది, చాలామందికి కోలుకున్నాక అదే సర్దుకుంటుంది. కార్టిసాల్ దిగాక ఆకలి మళ్లీ పుడుతుంది, ఇన్సులిన్ మాట చెల్లుతుంది, కండ మాత్రం నెలలు తీసుకుంటుంది, అదీ ఫిజియోథెరపీ చేయిస్తేనే. ఒళ్లు బాగా కాలినవాళ్లలో ఈ కరుగుడు ఏడాది దాటినా ఆగకపోవచ్చు, దాని గురించి వచ్చే వీడియోలో వివరంగా చెబుతాను.