బర్నబాకు ఎవరు థాంక్స్ చెప్పారు?

అందరికీ వందనాలు. పాస్టర్ గారు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లకి గాజువాక బస్సు టెన్షన్ ఉంటుంది కాబట్టి తొందరగానే ముగిస్తాను.

"అక్కా, మీ పాట బాగుంది" అంటే "దేవునికే మహిమ" అంటాం. మంచి మాటే. కానీ థాంక్స్ చెప్పాల్సిన చోట కూడా మనం ఆ మాట చాటున దాక్కుంటున్నామేమో అని నా అనుమానం. "దేవుడు నన్ను ఆదుకున్నాడు" అని సాక్ష్యం చెబుతాం. ఆ రాత్రంతా ఆసుపత్రి మెట్ల మీద మనతో కూర్చున్న మనిషి ఇక్కడే మూడో వరసలో ఉంటాడు. అతని పేరు ఎత్తం. మనిషిని మెచ్చుకుంటే దేవుడి మహిమ తగ్గిపోతుందని భయం కాబోలు.

తొలి సంఘాలకు పత్రికలు, అంటే ఉత్తరాలు, రాసిన పౌలుకు ఆ భయం లేదు. రోమా పత్రిక 16వ అధ్యాయం చూడండి. పేర్ల జాబితా కదా అని మనం గబగబా దాటేస్తాం. అందులో 24 మందికి పేరుపేరునా వందనాలు చెప్పాడు. అకుల, ప్రిస్కిల్ల తన కోసం ప్రాణాలకు తెగించారని రాశాడు. రూఫు తల్లి తనకూ తల్లే అన్నాడు. ఆమె పేరు మాత్రం రాయలేదు. అమ్మని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు!

ఇక బర్నబా. అసలు పేరు యోసేపు, కుప్రలో పుట్టినవాడు. యేసు ముఖ్య శిష్యులైన అపొస్తలులు పెట్టిన ఈ పేరుకు మన బైబిల్లో 'హెచ్చరిక పుత్రుడు' అని అర్థం ఇచ్చారు. విశాఖవాళ్లకి హెచ్చరిక అంటే పోర్టులో ఎగరేసే మూడో నంబరు ప్రమాద సూచికే గుర్తొస్తుంది. అక్కడి అర్థం అది కాదు, ధైర్యం చెప్పి ఆదరించేవాడని. సౌలు, అంటే మన పౌలే, ఒకప్పుడు విశ్వాసుల్ని హింసించినవాడు. మారాక అతను యెరూషలేముకు వస్తే శిష్యులంతా భయపడి దూరం జరిగారు. బర్నబా ఒక్కడే వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. తర్వాత తార్సు దాకా వెళ్లి, వెదికి, అంతియొకయకు తీసుకొచ్చాడు. ఆ మీదట, మధ్యలో వదిలి వెళ్లిపోయిన మార్కును మళ్లీ వెంట తీసుకెళ్లాలా వద్దా అని ఇద్దరికీ మాటామాటా పెరిగి విడిపోయారు.

పౌలు పత్రికల్లో బర్నబా పేరు అక్కడక్కడా ఉంది. కానీ "నన్ను నిలబెట్టింది నువ్వే" అన్న మాట నాకెక్కడా కనబడలేదు. ఎదురుగా చెప్పే ఉంటాడు లెండి. అయినా నాకు ఆ ఖాళీ గుచ్చుకుంటూనే ఉంటుంది. ఎంత దగ్గరివాళ్లయితే అంత వాయిదా వేస్తాం మనం.

మన ఊరి సంగతే చూడండి. లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, సువార్తల్ని తెలుగు చేసే పనికి పూనుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి వాళ్లకి తోడు నిలిచాడు. 1812లో మూడు సువార్తలు అచ్చయ్యేనాటికి ఆ మిషనరీలిద్దరూ బతికి లేరు. వాళ్లనైనా అప్పుడప్పుడు తలుచుకుంటాం. ఆనందరాయర్ పేరు ఇక్కడ ఎంతమంది విన్నారు? చేతులెత్తమని అడగను, ఇబ్బంది పడతారు.

నా సంగతి చెప్పి కూర్చుంటాను. పదహారేళ్లప్పుడు యూత్ ఆదివారం వాక్యం చెప్పడానికి లేచాను. రెండు నిమిషాలకే అంతా మరిచిపోయి, ఏడుస్తూ దిగిపోయాను. బయట సండే స్కూలు ఆంటీ నన్ను ఆపి, "రెండు నిమిషాలు మాట్లాడేవు కదా బాబూ. వచ్చే నెల మూడు నిమిషాలు మాట్లాడు" అన్నారు. అంతే. ఓదార్చనూ లేదు, పొగడనూ లేదు.

ఆ మాటకి థాంక్స్ చెప్పడానికి నాకు పాతికేళ్లు పట్టింది. పోయిన క్రిస్మస్‌కి పెందుర్తిలో వాళ్లింటికి వెళ్లి, జరిగిందంతా చెప్పాను. "నేనలాగన్నానా ఏటి? నాకు గుర్తే లేదు బాబూ" అని టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయారు. నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది కూడా. లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ హైదరాబాదులో ఉన్న కూతురికి ఫోన్ కలిపి, నా చేతికిచ్చారు.

"ఇందాకటి మాట దీనికీ ఓసారి చెప్పు బాబూ."