సిమ్యులేషన్‌కు ముందు కాగితం మీద మోడల్: గుంటూరు మిర్చి యార్డు ఉదాహరణ

నమస్కారం. ఈ వీడియోలో సిమ్యులేషన్, అంటే నిజమైన వ్యవస్థ నడకను కంప్యూటర్‌లో అనుకరించే సాఫ్ట్‌వేర్‌ను తెరవబోవడం లేదు. దానికి ముందే కాగితం మీద సిద్ధం కావలసిన కాన్సెప్చువల్ మోడల్‌ను, అంటే అనుకరణలో ఏమేమి ఉండాలో, అవి ఎలా నడుస్తాయో చెప్పే నమూనాను, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పద్ధతులతో ఎలా రూపొందించాలో గుంటూరు మిర్చి యార్డును ఉదాహరణగా తీసుకొని చూద్దాం.

ముందుగా రిక్వైర్‌మెంట్స్. "యార్డును సిమ్యులేట్ చేయాలి" అన్నది రిక్వైర్‌మెంట్ కాదు. "సీజన్ రద్దీలో మరో రెండు కాటాలు పెడితే, రైతు సరుకు గేటు దాటినప్పటి నుంచి తూకం ముగిసేదాకా పట్టే సమయం ఎంత తగ్గుతుంది?" అన్నది రిక్వైర్‌మెంట్, ఎందుకంటే మనం మార్చగల ఇన్‌పుట్, కొలవవలసిన అవుట్‌పుట్ రెండూ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు స్టేట్ డయాగ్రమ్, అంటే ఒక వస్తువు ఏయే స్థితుల్లో ఉంటుందో, ఒక స్థితి నుంచి మరోదానికి ఎలా మారుతుందో బాణాలతో చూపే బొమ్మ. చాలామంది పనుల వరుసను చూపే యాక్టివిటీ డయాగ్రమ్‌తో మొదలుపెడతారు గానీ, నా దృష్టిలో ఇదే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒక రైతు తెచ్చిన టిక్కీల (మిర్చి బస్తాల) లాట్‌ను తీసుకుందాం. అది బండి నుంచి దిగుతుంది, వేలానికి సిద్ధమవుతుంది, ధర ఖరారవుతుంది, కాటా ఎక్కుతుంది, లారీకి ఎక్కుతుంది. ప్రతి స్థితి దగ్గరా ఆగి, ఇక్కడి నుంచి ఇంకెక్కడికి వెళ్లగలదని అడగాలి. ధర నచ్చకపోతే రైతు సరుకును మర్నాటిదాకా యార్డులోనే ఉంచవచ్చు, లేదా కోల్డ్ స్టోరేజీకి తరలించవచ్చు. యార్డులోనే ఉంటే ఆ లాట్ స్థలాన్ని ఆక్రమించి, మర్నాటి వేలంలో కొత్త సరుకుతో పోటీపడుతుంది. ఆ బాణం గీయడం మరచిపోయిన మోడల్, యార్డులో రద్దీని ఉన్నదానికంటే తక్కువ చేసి చూపిస్తుంది.

ఈ డయాగ్రమ్‌లు యూఎంఎల్ (యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్) అనే బొమ్మల భాషలోవి. అయితే 1997లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే సంస్థ ప్రమాణంగా స్వీకరించిన ఈ భాష ప్రధానంగా సాఫ్ట్‌వేర్ కోసం పుట్టింది. లారీల రాకకు మధ్య వ్యవధి ఏ సంభావ్యతా విభజనను అనుసరిస్తుందో, క్యూలో ఎవరికి ముందు అవకాశమో అది మనల్ని అడగదు. వాటిని బొమ్మ పక్కనే మాటల్లో రాయాలి.

ఊహనలను, సరళీకరణలను వేర్వేరుగా నమోదు చేయండి. ధరను తిరస్కరించే రైతుల నిష్పత్తి సీజనంతా మారదనుకోవడం, సమాచారం లేక చేసిన ఊహన. హమాలీ ముఠాలన్నీ ఒకే వేగంతో పనిచేస్తాయనుకోవడం, తెలిసే చేసిన సరళీకరణ.

ఆపైన ట్రేసబిలిటీ పట్టిక: మోడల్‌లోని ప్రతి అంశం ఎదుట అది రిక్వైర్‌మెంట్‌లోని ఏ భాగానికి అవసరమో రాయండి. తేజ, 334 అనే మిర్చి రకాల తేడా తూకం సమయాన్ని మార్చకపోతే ఆ వివరాన్ని కొట్టివేయవచ్చు. ప్రశ్న ధర గురించైతే అదే వివరం తప్పనిసరి. సాఫ్ట్‌వేర్‌లో రిక్వైర్‌మెంట్ వదిలేస్తే లోపం, ఇక్కడ అనవసరమైనది వదలడమే నైపుణ్యం.

చివరిగా సమీక్ష. కోడ్ రాయకముందే కమిషన్ ఏజెంటును, కాటా గుమాస్తాను, ముఠా మేస్త్రీని కూర్చోబెట్టి, ఒక్క లాట్ ప్రయాణాన్ని స్టేట్ డయాగ్రమ్ మీద వేలు పెట్టి చదివి వినిపించండి. వారు చెప్పిన సవరణను తేదీతో సహా కొత్త వెర్షన్‌గా భద్రపరచిన తర్వాతే సాఫ్ట్‌వేర్ తెరవండి.