ఐఐటీ పేరు ఎవరికి ఎక్కువ పనికొస్తుంది?

తమ్ముడు: అందరికీ నమస్కారం. జేఈఈ ఫలితాలొచ్చిన మర్నాడు మన పేపర్లు చూశారుగా, మొదటి పేజీ నిండా పాస్‌పోర్ట్ ఫొటోలు, పక్కన ర్యాంకులు. ఐఐటీలో చదివితే నిజంగానే జీవితం మారిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. అక్క ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తుంది, ప్లేస్‌మెంట్ పనులూ చూస్తుంది. చెప్పక్కా, మారుతుందా?

అక్క: కొందరికి మారుతుంది రా. ఎవరికి అన్నదే అసలు సంగతి. "పేరులో ఏముంది, టాలెంట్ ఉంటే చాలు" అనే మాట నేను ఒప్పుకోను. మా పిల్లలు ఆఫ్ క్యాంపస్ ఉద్యోగాలకి అప్లై చేసేటప్పుడు పక్కనే కూర్చుంటాను కదా. ఫారంలో కాలేజీ పేరు ఎంచుకోమని లిస్టు వస్తుంది. ఐఐటీలు, ఎన్ఐటీలు, ఇంకొన్ని పెద్ద పేర్లు. అలా కిందికి వెళ్తే చిట్టచివర "ఇతరములు" అని ఉంటుంది. మా వాళ్లు నొక్కేది అదే. చాలాసార్లు ఆ తర్వాత మెయిల్ కూడా రాదు. ఆ పిల్లలకి కోడింగ్ ఎంత బాగా వచ్చినా, చూసేవాళ్లు ఉండాలిగా?

తమ్ముడు: మరి సత్య నాదెళ్ల ఐఐటీ ఎంట్రన్స్ గట్టెక్కలేదు కదక్కా, మణిపాల్‌లో చదివారు. శంతను నారాయణ్ ఏమో ఉస్మానియా. ఒకాయన మైక్రోసాఫ్ట్‌కి, ఇంకొకాయన అడోబీకి సీఈఓలు అయ్యారు.

అక్క: అందరూ ఈ ఇద్దరి పేర్లే చెప్తారు. వాళ్ల ప్రతిభని నేను కాదనట్లేదు. కానీ ఇద్దరూ బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పిల్లలే. నాదెళ్ల గారి నాన్నగారు యుగంధర్ ఐఏఎస్ అధికారి. ఇద్దరూ ఇక్కడ ఇంజినీరింగ్ అయ్యాక అమెరికా వెళ్లి ఎమ్మెస్ చేశారు. ఎక్కడ చదవాలి, ఎవర్ని కలవాలి అని దారి చూపించే పెద్దలు ఇంట్లో ఉంటే కాలేజీ పేరు మీద అంతగా ఆధారపడక్కర్లేదు. నాన్న ఆటో నడిపే ఇంట్లో ఆ దారి కాలేజీయే చూపించాలి.

తమ్ముడు: దీని మీద అమెరికాలో పరిశోధన జరిగింది, కదా?

అక్క: అవును, స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అని ఇద్దరు చేశారు. 2002లో అచ్చయింది. 1976లో కాలేజీల్లో చేరినవాళ్లని తీసుకున్నారు. పెద్ద కాలేజీలో సీటొచ్చినా వదిలేసి మామూలు కాలేజీలో చేరినవాళ్లు, ఆ పెద్ద కాలేజీలోనే చేరినవాళ్లతో సమానంగా సంపాదిస్తున్నారని తేలింది. అంటే ఆ సత్తా పిల్లల్లో ముందే ఉంది. ఒక్క పేదింటి పిల్లల విషయంలోనే తేడా వచ్చింది. వాళ్లకి పెద్ద కాలేజీ వల్ల జీతం నిజంగానే పెరిగింది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది అదే.

తమ్ముడు: 2023లో హార్వర్డ్ ఆర్థికవేత్త రాజ్ చెట్టి వాళ్ల పరిశోధన కూడా వచ్చిందిగా.

అక్క: వచ్చింది. హార్వర్డ్ లాంటి కాలేజీల వెయిటింగ్ లిస్టులో ఉండి సీటొచ్చినవాళ్లనీ, రానివాళ్లనీ పోల్చారు. సగటు జీతంలో పెద్ద తేడా లేదు. కానీ అందరికన్నా ఎక్కువ సంపాదించే ఆ ఒక్క శాతంలోకి చేరే అవకాశం మాత్రం బాగా పెరిగింది. పేరున్న సంస్థల్లో ఉద్యోగం దొరికే అవకాశమైతే దాదాపు మూడింతలు. మన దేశంలో షీతల్ సేఖ్రీ చేసిన పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. సీటు కటాఫ్ మార్కుకి కాస్త అటూ ఇటూ ఉన్న పిల్లల్ని చూస్తే, పేరున్న ప్రభుత్వ కాలేజీలో చేరినవాళ్లకి జీతం ఎక్కువొచ్చింది, చివరి పరీక్షల మార్కులు మాత్రం చేరినవాళ్లకీ, చేరనివాళ్లకీ ఒక్కటే. చదువు ఎక్కువ వచ్చిందని కాదు, పేరుకే ఆ డబ్బు.

తమ్ముడు: అన్యాయం కదా అది!

అక్క: అన్యాయమే. అందుకే నాకు బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలంటే అంత ఇష్టం. 2008లో మొదలయ్యాయి. పదో తరగతి మార్కులతో సీటు, సర్కారు బడి పిల్లలకి కొంత అదనపు వెయిటేజీ, ఆరేళ్ల చదువు. కోచింగ్‌కి లక్షలు పోయలేని ఇంటి పిల్లలు అక్కడ చేరతారు. వాటికి సరిపడా అధ్యాపకుల్ని ఇచ్చి, మంచి పేరు తెస్తే, ఎంతమంది జీవితాలు మారతాయో! మనం మాత్రం ఐఐటీ ర్యాంకుల గురించే మాట్లాడుకుంటాం. 23 ఐఐటీలకి కలిపి ఉన్న సీట్లు 18 వేల దరిదాపుల్లోనే.

తమ్ముడు: సంతోషం సంగతో?

అక్క: 2014లో గాలప్ అనే సర్వే సంస్థ, పర్డ్యూ యూనివర్సిటీ కలిసి అమెరికాలో ముప్పై వేల మందికి పైగా పట్టభద్రుల్ని అడిగారు. పనిలో ఉత్సాహానికీ, జీవితం బాగుందనిపించడానికీ కాలేజీ పేరుతో దాదాపు సంబంధమే లేదు. నన్ను పట్టించుకున్న ఒక ప్రొఫెసర్, చదువు మీద ఆసక్తి పెంచిన ఒక గురువు, నీ కలని వదలొద్దని వెన్నుతట్టిన మనిషి, ఈ ముగ్గురూ ఉన్నారన్నవాళ్లలో ఆ ఉత్సాహం ఉండే అవకాశం రెట్టింపు కన్నా ఎక్కువ. అలా చెప్పగలిగింది నూటికి 14 మందే. ఆ మాట చదివాక నేను క్లాసులో ప్రతి పిల్లనీ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టా. మా ఊళ్లో ఇంటర్ హాస్టళ్లు చూడు. వీకెండ్ టెస్ట్ మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేస్తారు. ఈ వారం పై సెక్షన్‌లో ఉన్న పిల్లాడు సోమవారం పరుపు, పెట్టె సర్దుకుని కింది అంతస్తుకి వెళ్తాడు. పదహారేళ్లవాడు రా. వాడి భయం గురించి ఎవరూ అడగరు. ఏ ఐఐటీ సీటైనా ఆ రెండేళ్లకి సరితూగుతుందని నేను చెప్పలేను.

తమ్ముడు: చివరగా ఒక ప్రశ్న. ఒకావిడ అడిగారు: "పాపకి ఎన్ఐటీలో సివిల్ వచ్చేలా ఉంది. వాళ్ల నాన్న ఐఐటీ కోసం ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?"

అక్క: అమ్మా, ఎన్ఐటీలో చేర్పించండి. ఎన్ఐటీ పేరు ఆ ఫారం లిస్టులో ఉంటుంది. ఐఐటీ సీటు కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లే రాయనిస్తారు. రెండోసారి రాస్తానని పాపే పట్టుబడితే వేరే సంగతి, నాన్న కోసమైతే వద్దు. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో సీటొచ్చాక, ఇదే చాలని కంగారుగా ఫ్రీజ్ పెట్టకండి. ఫ్లోట్ పెట్టుకుంటే వచ్చిన సీటు ఉంచుకుంటూనే తర్వాతి రౌండ్లలో ఆప్షన్లలో పైన రాసుకున్న బ్రాంచికీ, కాలేజీకీ మారే వీలుంటుంది. ఆప్షన్లు పెట్టేటప్పుడు కంప్యూటర్ ముందు పాపనే కూర్చోబెట్టండి.