తెల్ల పంచెలో నేతపోగులు కనపడాలి

(నెల్లూరులో షార్ట్ ఫిలింలు తీస్తున్న కుర్రవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక గుమ్మం దగ్గరే ఇద్దరు పట్టుకుని అడిగారు, "అన్నా, ఏ కెమెరా కొంటే సినిమాలా వస్తుంది?" అని. పదిహేనేళ్లుగా ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లు తీస్తున్నాను. ఇదే ప్రశ్న నన్నూ చాలాకాలం తిప్పింది. దీనికి జవాబు మా తాత పంచె దగ్గర మొదలుపెడతాను.

మా చెల్లెలి పెళ్లి మే నెలలో, పగటి ముహూర్తం. షామియానా అంచున తాత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వెనక ఎండ మండిపోతోంది. నా కెమెరా ఆటో మోడ్‌లో ఉంది, అన్నీ అదే సర్దుకుంటుంది. ఆ హడావుడిలో చూసుకోలేదు. ఇంటికొచ్చి చూస్తే తాత ముఖం నల్లగా, పంచె, వెనకున్న ఇసుక కలిసిపోయి ఒకటే తెలుపు. ఆరు నెలలకు తాత పోయారు. ఆ క్లిప్పు ముందు ఎన్ని రాత్రులు కూర్చున్నానో నాకే తెలుసు. ముఖాన్ని కొంచెం వెలుగులోకి లాగగలిగాను. పంచె మాత్రం రాలేదు. లాగడానికి అందులో ఏమీ మిగల్లేదు.

కెమెరాలో వెలుగును పట్టే డిజిటల్ సెన్సర్ కడవ లాంటిది. నిండేదాకా పడుతుంది, నిండాక పొర్లిపోతుంది. పొర్లినదాంట్లో నేత, మడత, జరీ అంచు అన్నీ పోతాయి. ఫిల్ము నెగెటివ్ అలా కాదు, వెలుగు పెరిగేకొద్దీ మెల్లగా తెల్లబడుతూ చాలాదూరం వివరాన్ని కాపాడుకుంటుంది. మనం 'సినిమా లుక్' అంటున్నదాంట్లో సగం ఈ మెల్లదనమే. అందుకే కెమెరా కొనడానికి వెళ్లినప్పుడు మీ వెంట ఒక తెల్ల పంచె, ఒక స్నేహితుడు ఉండాలి. షాపు గుమ్మం నీడలో అతన్ని నిలబెట్టి, భుజం మీది పంచె మీద ఎండ పడేలా చూడండి. పంచెలో నేత పోకుండా కెమెరాలోకి వచ్చే వెలుగు, అంటే ఎక్స్‌పోజర్ తగ్గించి తీయండి. ఇంటికెళ్లి ముఖాన్ని పైకి లాగి చూడండి. ఏ కెమెరాలో ముఖం చీమలు పాకినట్టు కాకుండా శుభ్రంగా వస్తే అదే మీ కెమెరా.

దానికి ముందు, మీరు తీసేదేమిటో తేల్చుకోవాలి. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ తీయాలి, నేలపట్టులో గూడబాతుల్ని తీయాలి అనుకుంటే క్యామ్‌కార్డరే సుఖం. పొడవైన జూమ్ ఉంటుంది, గంటల తరబడి ఆగకుండా తీస్తుంది. కాస్త పైస్థాయి మోడళ్లలో మంచి మైకుకు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు, లోపలే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు ఉంటాయి. సెన్సర్ చిన్నది కాబట్టి ముందున్నదీ వెనకున్నదీ అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. గుంపులో అది వరమే. కథ తీసేటప్పుడు మాత్రం వెనకున్న కరెంటు స్తంభం, ఫ్లెక్సీ కూడా కథలోకి వచ్చేస్తాయి. అప్పుడు మనిషిని వెనక గోడకు దూరంగా జరిపి, మీరు కూడా వెనక్కి వెళ్లి జూమ్ చేయండి, వెనకున్నవి మసకబారతాయి. లెన్సులు మార్చుకునే, పెద్ద సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరాతో ఈ పని తేలిక. కానీ మన మే ఎండలో అవి వేడెక్కి ఆగిపోయే ప్రమాదం ఉంది. నిర్ణయించుకునేముందు రెండు రోజులు అద్దెకు తెచ్చి వాడి చూడండి.

ఏది కొన్నా షట్టర్ (ఒక్కో బొమ్మకు వెలుగు పడే సమయం), అపర్చర్ (లెన్సు కన్ను ఎంత తెరుచుకోవాలో), గెయిన్ (పట్టిన వెలుగును కెమెరా ఎంత పెంచాలో), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా చేసే సర్దుబాటు) నాలుగూ మన చేతికి ఇవ్వాలి. ఇవ్వని కెమెరా ఎంత ఖరీదైనా వద్దు.

ఇక కదలిక. టీవీ కోసం చేసిన పాత క్యామ్‌కార్డర్లు సెకనుకు 50 సగం బొమ్మలు తీసేవి, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. ఆ జారుడు కదలికను మన కన్ను వెంటనే 'టీవీ' అని పట్టేస్తుంది. సినిమా సెకనుకు 24 పూర్తి బొమ్మలు. 2002లో పానసోనిక్ డీవీఎక్స్100 వచ్చి, చిన్న క్యామ్‌కార్డర్‌లోనే 24 ఫ్రేముల్ని చేతికిచ్చింది. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 పెద్ద సెన్సర్‌తో వీడియో ఇచ్చింది. ఇప్పుడు ఈ రెండూ చాలా కెమెరాల్లో ఉన్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50 వంతు పెట్టుకుంటే ట్యూబులైట్ల కింద మినుకుమినుకు సాధారణంగా ఉండదు. 24లో తీసినా షట్టర్ 1/50 దగ్గరే ఉంచండి. కెమెరాను పక్కకు తిప్పేటప్పుడు ఒక వస్తువు ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి 7 సెకన్లు పట్టాలి. అంతకన్నా వేగంగా తిప్పితే బొమ్మ అదురుతుంది.

ఆ 1/50 దగ్గరే అందరికీ టెన్షన్ మొదలవుతుంది. మైపాడు బీచ్‌లో మధ్యాహ్నం ఐఎస్ఓ (గెయిన్ లాంటిదే) 100, షట్టర్ 1/50 పెడితే అపర్చర్ ఎఫ్ 22 దాకా మూయాల్సి వస్తుంది. ముఖం వెనక సముద్రం మెత్తగా కనపడాలని ఎఫ్ 2.8కి తెరిస్తే ఆరు స్టాపులు ఎక్కువ. ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు, అంటే మొత్తం 64 రెట్ల వెలుగు. చాలామంది షట్టర్‌ను 1/2000కి, 1/4000కి పెంచేస్తారు. అప్పుడు అలల నుంచి ఎగిరే ప్రతి చుక్కా గాజుపూసలా విడివిడిగా గడ్డకట్టి కనిపిస్తుంది, నడిచే మనిషి అదురుతూ నడుస్తాడు. లెన్సు ముందు వెలుగును 64వ వంతుకు తగ్గించే ఎన్‌డీ 64 ఫిల్టర్ పెట్టండి. కెమెరా డబ్బుల్లో కొంత దీనికి ముందే పక్కన పెట్టుకోండి.

లాగ్ గురించి, అంటే రంగులు, కాంట్రాస్ట్ చప్పగా ఉంచి తీసి తర్వాత సరిదిద్దుకునే పద్ధతి గురించి కూడా అడుగుతున్నారు. లాగ్‌లో తీస్తే తెలుపు దగ్గర చోటు దొరుకుతుంది, నిజమే. కానీ 8 బిట్‌లో ఒక్కో రంగుకు ఉండేవి 256 మెట్లే. పెన్నా మీద సాయంత్రపు ఆకాశాన్ని అలా తీసి రంగులు లాగితే ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది. 10 బిట్‌లో 1024 మెట్లు. మీ కెమెరాలో 10 బిట్ లేకపోతే మామూలు ప్రొఫైల్ పెట్టి, కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ రెండూ బాగా తగ్గించండి. క్యామ్‌కార్డర్లు మనుషుల అంచుల చుట్టూ సన్నటి తెల్ల గీత గీస్తాయి, అది కూడా ఈ షార్ప్‌నెస్ పనే.

మిగిలింది వెలుగు. ఇప్పుడు మా తాతను మళ్లీ తీసే అవకాశం వస్తే నేను చేసే పని ఇది. కుర్చీని షామియానా లోపలికి నాలుగడుగులు జరుపుతాను. వెనక ఎండ పడే ఇసుక కనపడకుండా కెమెరాను పక్కకు తెస్తాను. వెలుగు మరీ ఎక్కువైన చోట కెమెరా తెర మీద చూపించే జీబ్రా గీతలు పంచె మీద పోయేదాకా అపర్చర్ మూస్తాను. ముఖం చీకటైతే ఒక థర్మాకోల్ షీటు పట్టుకోమని మేనల్లుడికి ఇస్తాను. ఇదంతా రెండు నిమిషాల పని. ఆ రోజు నా దగ్గర ఆ రెండు నిమిషాలూ ఉన్నాయి, థర్మాకోల్ కూడా మండపం వెనకే పడి ఉంది.

రేపు ఉదయం ఆరు గంటలకు రంగనాయకుల గుడి వెనక, పెన్నా ఒడ్డున కలుద్దాం. ఫోన్ ఉన్నవాళ్లు ఫోన్‌తోనే రండి. ఎవరైనా ఇద్దరు ఇంట్లో తాతల్ని అడిగి తీసుకురండి, పంచె కట్టుకుని రమ్మనండి.