బంతికి బ్యాటు చేసిన పని ఎంత?

[తెరపై: బ్యాటుకు బంతి తగిలిన క్షణం, అతి నెమ్మదిగా]

క్రికెట్ బంతి బ్యాటును అంటిపెట్టుకుని ఉండేది దాదాపు ఒక మిల్లీసెకను మాత్రమే. ఆ కాస్త వ్యవధిలోనే బంతి ఒకవైపు అణిగి, ఆగి, మళ్లీ ఉబ్బుతూ వెనుదిరుగుతుంది. 160 గ్రాముల బంతి సెకనుకు 30 మీటర్ల వేగంతో వచ్చి, వచ్చిన దారినే 40 మీటర్ల వేగంతో వెళ్లిందనుకుందాం.

మొదట ప్రచోదనం, అంటే ద్రవ్యవేగంలో (ద్రవ్యరాశిని వేగంతో గుణించినదానిలో) వచ్చిన మార్పు. 40లోంచి 30 తీసేసి 10 అనడం పరీక్షల్లో తరచుగా కనిపించే పొరపాటు. వచ్చే వేగాన్ని ముందు సున్నాకు తెచ్చి, ఆపై ఎదురు దిశలో 40 ఇవ్వాలి కనుక మార్పు 70 అవుతుంది. దాన్ని 0.16 కిలోలతో గుణిస్తే 11.2 న్యూటన్-సెకన్లు. మిల్లీసెకనుతో భాగిస్తే సగటు బలం 11,200 న్యూటన్లు, అంటే వెయ్యి కిలోలకు పైబడిన బరువుతో సమానం.

[తెరపై: 72 జౌళ్లు → 128 జౌళ్లు]

శక్తి విషయంలో దిశతో నిమిత్తం లేదు. బంతి గతిజశక్తి, అంటే కదలిక వల్ల దానికి ఉండే శక్తి (ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించినది), 72 జౌళ్ల నుంచి 128కి పెరిగింది. లాభం 56 జౌళ్లు. మరి బ్యాటు చేసిన పని కూడా అంతేనా?

[తెరపై: బ్యాటుతో సమానంగా కదిలే కెమెరా నుంచి అదే దృశ్యం]

బ్యాటు సెకనుకు 20 మీటర్ల వేగంతో, ఏమాత్రం తగ్గకుండా కదులుతోందనుకుందాం. నిజానికి దాని వేగం బాగానే తగ్గుతుంది, కానీ లెక్క తేలిక కావడానికి ఈ ఊహ అవసరం. అదే వేగంతో వెళ్లే కెమెరాకు బంతి 50తో వచ్చి 20తో వెళ్లినట్టు కనిపిస్తుంది. వేగంలో మార్పు మళ్లీ 70, కాబట్టి ప్రచోదనం మారలేదు. గతిజశక్తి మాత్రం 200 నుంచి 32 జౌళ్లకు పడిపోయింది. నేల మీది కెమెరాకు లాభంగా కనిపించిన ఘటనే ఈ కెమెరాకు నష్టం! ఈ కెమెరాకు బ్యాటు నిలిచే ఉంది, అది చేసే పని సున్నా. కాబట్టి తగ్గిన 168 జౌళ్లూ వేడిగా, కంపనంగా, కొంచెం చప్పుడుగా మారినవే.

ఇప్పుడు నేల మీదికి వద్దాం. బ్యాటు చేసిన పని అంటే బలాన్ని, తాకిన చోటు కదిలిన దూరంతో గుణించినది. బ్యాటు వేగం స్థిరం కాబట్టి, ప్రచోదనాన్ని ఆ వేగంతో గుణించినా అదే వస్తుంది. 11.2 ఇంటూ 20 అంటే 224 జౌళ్లు. అందులో 168 వృథా కాగా, బంతికి మిగిలింది 56.

[తెరపై: డిఫెన్స్ ఆడుతున్న బ్యాటర్]

బ్యాటును కదలకుండా నిలిపితే ప్రచోదనం ఉంటుంది, పని మాత్రం సున్నా. తాకే వేళకు బ్యాటు వెనక్కి కదులుతుంటే, బంతిపై బలం ఒకవైపు, కదలిక ఇంకోవైపు కాబట్టి పని రుణాత్మకమవుతుంది. బంతి శక్తిలో కొంత బ్యాటుకే చేరి, బంతి బ్యాటర్ కాళ్ల దగ్గరే పడుతుంది.